బావ తగ్గించిన కారు

మొన్న మంగళగిరి నుంచి మా ఊరు వెళ్ళేసరికి మా నాన్నగారి ఇంటి ముందు రోడ్డు లేదు. కొత్తది వేస్తారట, పాతదాన్ని మిషనుతో గీకి పారేశారు. దాంతోపాటు ఇంటికి అటొకటి ఇటొకటి ఉండే స్పీడ్ బ్రేకర్లు కూడా లేచిపోయాయి. గొలుసు తీసేసిన మెడలా ఉంది ఆ జాగా. గేటు దగ్గర మా బావ, అంటే మా అక్క భర్త, కారు తాళాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "వచ్చావా మరదలా" అని మాత్రం అన్నాడు. ఆయన చేతిలో ఆ తాళాలు చూసి ఎన్నేళ్ళయిందో.

మా బావ ఇల్లరికపు అల్లుడు. మా ప్రత్తిపాడు వైపు ఆ మాటకి ఎంత మర్యాద ఉందో అంత ఎగతాళీ ఉంది. మగపిల్లలు లేని మా నాన్నగారు మిరప, పత్తి చేలు చూసుకోవడానికి ఆయన్ని తెచ్చుకున్నారు. నేను పెళ్ళి చేసుకుని ఆ ఇంట్లోంచి బయటపడ్డాను, ఆయన పెళ్ళి చేసుకుని లోపలపడ్డాడు. నాన్నగారు చెడ్డవారని కాదు. అల్లుణ్ణి ఏనాడూ 'అండి' లేకుండా పలకరించలేదు. "అల్లుడుగారూ, ఇవాళ మందు కొట్టించకండి", "అల్లుడుగారూ, ఆ చొక్కా మీకు నప్పలేదండి", ఇలా అంతా మెత్తగానే ఉండేది. అంత మర్యాదగా చెబితే ఎదురు చెప్పడం ఎవరి తరం. బావ మొహం కాస్త ముడుచుకుంటే చాలు, అక్క వంటింట్లోంచే "మీరే కాస్త తగ్గండి" అనేది. మా పెద్దమ్మ దగ్గర్నుంచి కళ్ళంలో మిరప తాలుకాయలు ఏరే ఆడవాళ్ళ దాకా అందరిదీ అదే మాట. అల్లుడు కదా, తగ్గి ఉండాలి.

అలా తగ్గీ తగ్గీ యాభై దాటాక, తన పుట్టింటి పొలం అమ్మి ఒక కారు కొన్నాడు. మగవాడికి పుట్టింటి పొలమంటే నవ్వుతారు గానీ, ఆయన సంగతి అంతే మరి. విజయవాడలో ఎవరో వాడి వదిలేసిన స్పోర్ట్స్ కారు, పసుపు రంగుది, ఇద్దరే పడతారు. అందులో కూర్చుంటే మళ్ళీ లేవలేనని అక్క ఎక్కలేదు. నాన్నగారు చుట్టూ తిరిగి చూసి, "పసుపుకొమ్ములా బాగానే ఉందండి, పొలానికి పనికిరాదు" అన్నారు. బావ దిగులు వేరు. చక్రానికీ పైన రేకుకీ మధ్య గుప్పెడు ఖాళీ ఉంది. "ఇలాంటి బండి నేలని వాటేసుకోవాలి మరదలా. ఇది పంచె ఎగ్గట్టుకుని బురదలో నడుస్తున్నట్టుంది" అనేవాడు. అక్క ఎక్కదు కాబట్టి, దాన్ని కిందికి దింపించడానికి గుంటూరు వెళ్ళినప్పుడు పక్క సీట్లో నేనున్నాను.

షెడ్డులో మేస్త్రీ సరుకంతా బల్ల మీద పరిచాడు. పొట్టి స్ప్రింగులు వేస్తే బండి ఒకసారి దిగి అక్కడే ఉంటుంది. మరలున్న సెట్టు అయితే తిప్పుకుంటూ ఎత్తు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. గాలితో నడిచేది ఇంకోటి ఉంది, మీట నొక్కితే లేస్తుంది, నొక్కితే కూర్చుంటుంది. మన రోడ్లకి మరలదే మంచిదని అతను చెప్పాడు, నేనూ అదే అన్నాను. బావ పొట్టి స్ప్రింగులు చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు. "ఇవే వెయ్యండి. అన్నిటికన్నా పొట్టివి" అన్నాడు.

"అదేంటి బావా, ఇబ్బందైతే మళ్ళీ ఎత్తుకోవద్దా?" అన్నాను.

"ఎత్తడానికి వీలుందని తెలిస్తే మీ నాన్నగారు ఎత్తించండి అంటారు. ఆయన అంటే నేను ఎత్తుతాను. వీలు లేకుండానే ఉండాలి."

పాత స్ప్రింగులు తీసుకెళ్ళమని మేస్త్రీ అంటే, అక్కర్లేదు, ఇనుములో పడెయ్యమన్నాడు. ఆయన దేనికైనా అక్కర్లేదనడం నేను వినడం అదే మొదటిసారి. తిరిగొచ్చేటప్పుడు రోడ్డు మీద గులకరాళ్ళన్నీ లెక్కపెట్టినట్టు నడుముకి తెలిశాయి, బావ మాత్రం కుర్రాడిలా ఈల వేస్తూ నడిపాడు.

ఇంటి ముందు బ్రేకర్ల సంగతి ఇద్దరం మరిచిపోయాం. రోడ్డు పంచాయతీదే గానీ బ్రేకర్లు నాన్నగారివి. పత్తి ట్రాక్టర్లు జోరుగా పోతున్నాయని ఆయనే దగ్గరుండి పోయించారు. ఇంటి ముందు జనం నెమ్మదించి ఒక నమస్కారం పడేసి పోతారన్న ముచ్చట కూడా ఉందనుకోండి. గేదె వీపులా ఉబ్బిన బ్రేకరు మీద కారు కడుపు ఆనుకుని నిలిచిపోయింది. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలదు. కళ్ళంలో మిరపకాయలు ఆరబోస్తున్నవాళ్ళు ఘాటు చేతులతోనే వచ్చి, ఎత్తి, గేటు లోపల దింపారు. అరుగు మీంచి అంతా చూసిన నాన్నగారు, "ఎత్తించెయ్యండి అల్లుడుగారూ, ఒక పూట పని" అన్నారు.

"కుదరదండి మామగారూ" అన్నాడు బావ. అక్క లోపల్నుంచి అలవాటు మాట అనబోయి, బావ మొహం చూసి ఊరుకుంది.

ఆయన స్ప్రింగులు మార్చలేదు, ఈయన బ్రేకర్లు కొట్టించలేదు. ఇద్దరూ అన్నం మాత్రం ఒకే బల్ల మీద తిన్నారు. బావ సాయంత్రాలు కారు తుడిచి, లోపల కూర్చుని, ఇంజను వేసి, గేటు నుంచి గడ్డివామి దాకా, గడ్డివామి నుంచి గేటు దాకా నడిపేవాడు. నేను వెళ్ళినప్పుడు, మనుషుల్ని పిలిచి ఎత్తించుకుని ఒకసారి తిరిగి రావచ్చు కదా అంటే, "నలుగురు మోస్తే గేటు దాటడం ఎలాగూ ఒకసారి ఉంది మరదలా, దానికి తొందరేముంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, నాకు నవ్వు రాలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ నడపడమూ పోయి, ఎప్పుడో ఒకసారి ఇంజను వేసి ఆపెయ్యడమే మిగిలింది.

మొన్న ఆ తాళాలతో కారు తలుపు తీసి, నా భుజం పట్టుకుని, మోకాళ్ళు మొరాయిస్తుంటే మెల్లగా లోపలికి దిగాడు. ఇంజను అంటుకుంది. గేటు దాటి రోడ్డు మీదకి ముక్కు పెట్టేసరికి, వెనకాల కర్ర చప్పుడు. తొంభై దాటిన మా నాన్నగారు. "అమ్మాయ్, కాస్త పట్టుకో" అని నా చెయ్యి ఆసరా తీసుకుని ఆ రెండో సీట్లో కూర్చున్నారు. కాళ్ళు చాపుకున్నారు. చెయ్యి కిందికి వేలాడేసి నేల ఎంత దగ్గరుందో చూసుకున్నారు.

"బాగా తగ్గించారండి" అన్నారు. కాస్త ఆగి, "ఎటు వెళ్దామండి అల్లుడుగారూ?" అన్నారు. ఆ ఇంట్లో ఇంతవరకు బావని ఆ మాట అడిగినవాళ్ళు ఎవరూ లేరు.

బావ గుంటూరు వైపు చూశాడు, ఒంగోలు వైపు చూశాడు. స్టీరింగు మీద చేతులు అలాగే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. అడ్డు తీసెయ్యడం కాలానికి తెలుసు గానీ, ఎటు పోదామనుకుని అంతకాలం అక్కడ నిలబడ్డామో, అది మాత్రం తిరిగి చెప్పదు.