అన్నం రాని విందు

మా అమ్మా, అత్తయ్యా కలిసి దిల్‌సుఖ్‌నగర్‌లో ఆరేళ్లు కర్రీ పాయింట్ నడిపారు. అత్తయ్య అంటే మేనత్త కాదు, మా పక్క వాటాలో కిరాయికి ఉండే గుంటూరు ఆవిడ. మాది నల్లగొండ దగ్గర పల్లె. కోచింగ్‌కొచ్చిన పిల్లలు గదుల్లో అన్నం మాత్రం వండుకుని, కూరలు మా దగ్గర కట్టించుకుపోయేవారు. పప్పు, పులుసు అమ్మ పని. వేపుళ్లు, పచ్చళ్లు అత్తయ్యవి. కాలేజీ నుంచి వచ్చి ప్యాకెట్లకు రబ్బరు బ్యాండ్లు వేయడం నా వంతు.

తెలంగాణ ఇస్తున్నామని ప్రకటన వచ్చిన రోజు అమ్మ లడ్డూలు తెప్పించి, మొదటిది అత్తయ్య చేతిలోనే పెట్టింది. ఆవిడ దాన్ని అలాగే పట్టుకుని, "ఇక మాకిక్కడ చోటుంటుందా?" అంది.

"నేను పొమ్మన్ననా?" అంది అమ్మ.

తప్పెవరిదని నన్నడిగితే ఇద్దరిదీ అంటాను. ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన కబురు విని సంబరపడుతున్న మనిషిని ఆ ప్రశ్న అడగొచ్చా? అవతలామె భయపడుతుంటే అంత పెడసరంగా జవాబు చెప్పొచ్చా? మూడో రోజుకల్లా అత్తయ్య వాళ్లాయన చంపాపేట్‌లో ఉండే ఇంటి ఓనర్‌కు ఫోన్ చేసి, నెలాఖరుకు ఖాళీ చేసి గుంటూరు వెళ్లిపోతామని చెప్పేశాడు.

అప్పట్నుంచి పొయ్యి దగ్గర ఉప్పు, నూనె, గ్యాస్ తప్ప వేరే మాట లేదు. అమ్మను నోరారా "నువ్వు" అని పిలిచే అత్తయ్య "మీరు" అనడం మొదలుపెట్టింది. అది విన్నప్పుడల్లా అమ్మ ముఖం చిన్నబోయేది. ఉండమని అడగొచ్చు కదా అంటే, "పోతా అన్నోళ్ల కాళ్లు పట్టుకోవాల్నా?" అని నా మీద విరుచుకుపడేది. ఇద్దర్నీ ఒక గదిలో తోసి తాళం వేయాలన్నంత కోపం వచ్చేది నాకు.

సరిగ్గా అప్పుడే ఒక పిలుపు వచ్చింది. హోటల్ మేనేజ్‌మెంట్ చదువుకుంటూ మూడేళ్లు మా కూరలే తిన్న ఒకతను ఎల్బీనగర్‌లో కొత్తగా తెరిచిన పెద్ద హోటల్లో షెఫ్ అయ్యాడు. వానాకాలం కాయగూరలతో, ఆకుకూరలతో ఏడు రకాల విందు ఒకటి తయారుచేశాడట. జనానికి పెట్టే ముందు ఆంటీలిద్దరూ తిని చెప్పాలని సోమవారం మధ్యాహ్నం రమ్మన్నాడు. కాదంటే నొచ్చుకుంటాడని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆటోలో అటు అమ్మ, ఇటు అత్తయ్య, మధ్యలో నేను. ఇద్దరూ చెరో పక్క వాన చూస్తూ కూర్చున్నారు.

లోపల ఏసీ చలికి అమ్మ కొంగు భుజాల నిండా కప్పుకుంది. ముందుగా విస్తరాకంత పళ్లాలు వచ్చాయి. ఒక్కోదాని నడుమ మూడంటే మూడే బోడకాకర ముక్కలు, పక్కన ఏదో చుక్క పెట్టారు. అమ్మ తినలేదు. అత్తయ్యా తినలేదు. పెద్దవాళ్లు మొదలుపెట్టకుండా నేనెలా తింటాను?

కాసేపు చూసి వెయిటర్ దగ్గరికొచ్చాడు. "తీసెయ్యమంటారా మేడం?"

"ఉండనియ్యి నాయనా, మిగిలినయి తే," అంది అమ్మ.

రెండోసారి రూపాయి బిళ్లంత మక్కగారె, అదే మొక్కజొన్న గారె, వచ్చింది. తర్వాత ఉగ్గుగిన్నెడు చారు, ఆ తర్వాత గోంగూరలో ఉడికించిన చామదుంప ముక్క. టేబుల్ నిండిపోయింది. ఎవరూ చెయ్యి కదపలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ముందు తిన్నవాళ్లు ఓడిపోయినట్టని ఇద్దరూ బిగుసుకు కూర్చున్నారనుకున్నాను. "మీ పంతాలు ఇక్కడ కూడానా?" అని గొణిగితే అమ్మ కళ్లతోనే నా నోరు మూయించింది.

ఇంతలో షెఫే బయటికి వచ్చాడు. పాపం, ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "ఆంటీ, నేనేం తప్పు చేశాను? నాలుగు పంపిస్తే ఒక్కటీ ముట్టుకోలేదు!"

"అన్నం రాలేదు గద బిడ్డా," అంది అమ్మ.

"అన్నీ వడ్డించాక మొదలుపెడదామని, బాబూ," అంది అత్తయ్య, అదే క్షణంలో.

నాకు టేబుల్ కింద దూరాలనిపించింది. పంతమూ లేదు, పాడూ లేదు. పెళ్లి బంతిలో అన్నీ వడ్డించేదాకా విస్తట్లో చెయ్యి పెట్టకూడదని ఇద్దరూ చిన్నప్పుడే నేర్చుకున్నారు. వాళ్ల ఊళ్ల మధ్య కృష్ణ పారుతుంది గానీ, ఈ పద్ధతి రెండు ఒడ్డుల మీదా ఒకటే.

"ఇందులో అన్నం ఉండదు ఆంటీ. ఒకటి తిన్నాక ఒకటి వస్తుంది," అన్నాడతను.

"అన్నమే లేదా!" అని ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చాలా రోజుల తర్వాత. అమ్మకు నవ్వు ఆగలేదు. అత్తయ్య మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి.

వేడివి మళ్లీ పంపిస్తానంటే పారేయొద్దని ఇద్దరూ ఒకేసారి కసిరి, చల్లారినవే తిన్నారు. "గింజలు తియ్యకుండా వేయించావేం బాబూ?" అని అత్తయ్య బోడకాకరతో మొదలుపెట్టింది.

"లేత కాయకు గింజలెందుకు తియ్యాలె? రుచంత గింజలనే ఉంటది," అంది అమ్మ.

"నీకన్నీ గింజలతోనే కావాలి వదినా!"

షెఫ్ చిన్న పుస్తకంలో రాసుకుంటూ ఎటూ తేల్చుకోలేక నిలబడ్డాడు. గొడవ వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆఖరి మిఠాయి దాకా అలా పోట్లాడుకుంటూనే తిన్నారు.

చివర్లో అతను, "చలికాలం మెనూ కూడా ముందు మీ ఇద్దరికే పెడతాను. అందులో ఏముంటే బాగుంటుంది?" అని అడిగాడు.

అమ్మ చెంచా కింద పెట్టేసింది. అత్తయ్య వెళ్లిపోతున్న సంగతి అతనికి తెలియదు. ఏదో చెప్పబోయి ఆగి, అమ్మ గ్లాసు అందుకుని నీళ్లు తాగింది.

"అప్పటికి పండుమిరపకాయలు వస్తాయి. పచ్చడి నేను పెడతాను," అంది అత్తయ్య నెమ్మదిగా. తర్వాత అమ్మ వైపు తిరిగి, "తొడిమలు తియ్యడానికి నువ్వుండాలి. నా ఒక్కదాని వల్ల కాదు," అంది.

"నేనేడికి పోత? పోయేది నువ్వు."

"పొమ్మనలేదన్నావు. నిజమే. ఉండమని కూడా అనలేదుగా వదినా."

"ఉండు," అంది అమ్మ. "నువ్వు లేకుంటే నాకు పొయ్యి ముంగట నిలబడ బుద్ధయితలేదు."

బయట వాన తగ్గింది. ఆటో ఎక్కగానే నేను దిల్‌సుఖ్‌నగర్ అనబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, "చంపాపేట్ పోనియ్యి అన్నా. మా ఓనర్‌తోని జర మాట్లాడేదుంది," అంది.

అత్తయ్య అప్పటికే ఫోన్ తీసింది. "ఏవండీ, సామాన్లు కట్టడం ఆపండి. కట్టినవి విప్పెయ్యండి. ఎందుకో ఇంటికొచ్చి చెప్తాను."