గోరింట కంచెకు పౌరసత్వం

దలాలో వెంకటరాజు అని అడిగితే ఎవరూ చెప్పలేరు గానీ, గోంగూర వెంకటరాజు అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. రంగూను నుంచి ఏరు దాటి, దలా ఒడ్డున పడవ దిగి అరమైలు నడిస్తే ఆయన మడి. అరెకరం కూడా ఉండదు. తాత తెలుగు తీరాన బారువలో ఓడెక్కి వచ్చి రంగూను రేవులో బియ్యం బస్తాలు మోశాడు. ఆ మోతే మోసి తండ్రి నడుం పడిపోయి, ఏటి ఇవతలికి వచ్చి, తుప్పలు కొట్టి ఈ మడి చేశాడు. నలభై ఏళ్లుగా దీని గోంగూర నగరమంతా తింటోంది. బర్మావాళ్లకూ మనవాళ్లకూ పులుపు దగ్గర ఏ తగాదా లేదు.

తగాదా అల్లా కాగితం దగ్గరే. తాలూకా ఆఫీసు భూమి పుస్తకంలో ఆ మడికి ఎదురుగా సాగుదారు పేరు లేదు, ‘బీడు’ అని ఉంది. బీడులో ఎవరైనా వచ్చి పాక వేసుకోవచ్చు, కాదనడానికి వెంకటరాజెవరు? అందుకని యాభై రెండేళ్ల ఆ మనిషికి మిగిలిన కోరిక ఒక్కటే, ఆ పుస్తకంలో తన పేరు చూసుకోవడం. బర్మా రాత చదవడం రాదనుకోండి, అది వేరే సంగతి.

1987 వానల్లో ప్రభుత్వానికి ఉన్నట్టుండి కంచెల మీద ప్రేమ పుట్టింది. పాతికేళ్లుగా దేశం చుట్టూ కంచె కట్టుకుని కూర్చున్న ప్రభుత్వం గదా, పని తెలిసినవాళ్లే. మడి చుట్టూ స్వదేశీ మొక్కలతో పచ్చటి కంచె పెంచాలి. ఏడాది నిండాక తనిఖీలో నెగ్గితే రెండు బస్తాల ఎరువు, భూమి పుస్తకంలో సాగుదారు పేరు. ఎరువు మాట వెంకటరాజు చెవికెక్కనే లేదు.

ఆఫీసు ఇచ్చిన మొక్కలు కాగితం మీద రెండు వందలు. బండి దిగినవి నలభై, ప్రాణంతో ఉన్నవి తొమ్మిది. ఆ తొమ్మిదీ వారం తిరక్కుండా పక్కింటి మేకలకు ప్రభుత్వ సహాయంగా అందాయి.

“మేక మూతెట్టంది గోరింటొక్కటే మావా,” అంది భార్య దుర్గ. “రంగూనులో మన నరసమ్మ పిన్ని పెరట్లో తుప్పుంది. కొమ్మలు తెచ్చి పాతరాదా?”

పాతాడు. నాలుగు వైపులా పాతాడు. చిగురు వేశాక ఆఫీసుకెళ్లి చెప్పాడు. అక్కడి గుమాస్తా ఊ చో న్యుంట్ పెద్దమనిషి, ఫారం చూడందే మనిషి ముఖం చూడడు.

“ఈ మొక్కది ఏ జాతి?” అన్నాడు.

ఆ దేశంలో మనిషి సొంతవాడా పరాయివాడా తేల్చడానికి ఒక గీత ఉంది. తాతముత్తాతలు 1823కి ముందే ఆ నేల మీద ఉంటే సొంతవాడు. లేకపోతే వెంకటరాజులా పరదేశి కార్డు జేబులో పెట్టుకు తిరగాలి. ఊ చో న్యుంట్ ఆ గీతనే గోరింటకూ పట్టించాడు.

“ఇది 1823కి ముందు నుంచీ ఉందని రుజువేమిటి?”

“దాన్నడిగితే ఏటి సెప్తాది సయా,” అన్నాడు వెంకటరాజు చేతులు కట్టుకుని. తెలుగు అలవాటు మీద వచ్చేసిన ఆ ముక్కనే మళ్లీ బర్మా భాషలో చెప్పాడు. అయ్యగారిని అక్కడ సయా అనే పిలుస్తారు.

గుమాస్తా పెన్ను కొరికాడు. వాళ్లమ్మ పెరట్లోనూ ఒక గోరింట ఉందనీ, ముసలావిడ గోళ్లకు పెట్టుకుంటుందనీ గుర్తొచ్చింది. అమ్మ పెరట్లో పరదేశిని ఎలా ఉంచుతాడు? ‘స్వదేశీ’ అని రాసి ముద్ర కొట్టాడు. మూడు తరాలుగా వెంకటరాజు వంశానికి దొరకనిది నరసమ్మ పెరటి కొమ్మకు పావుగంటలో దొరికింది.

“మరి నా సంగతి సయా?”

“నువ్వు మొక్కల జాబితాలో లేవు.”

మరుసటేడు జూలైకి కంచె ఛాతీ ఎత్తు లేచింది. తనిఖీ ఆగస్టు ఎనిమిది, సోమవారం అని కబురొచ్చింది. ఏటి అవతల అప్పటికే నగరం ఉడుకుతోంది. విద్యార్థులు, కాల్పులు, కర్ఫ్యూ. వెంకటరాజు మాత్రం పంచాంగంలో ఆ సోమవారాన్నే చూశాడు. చూడాల్సింది ఇంకొకటి ఉంది. అది ఆషాఢమాసం.

ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోని తెలుగు ఆడది రంగూనులోనూ ఉండదు. ఆ ఏడు కర్ఫ్యూ దెబ్బకు బజారులో ఆకు లేదు. దలాలో ఏకంగా గోరింట కంచే ఉందన్న మాట ఏరు దాటింది. ఆదివారం పొద్దున్నే పడవ నిండా ఆడవాళ్లు సంచులతో దిగారు. ముందు నరసమ్మ.

వెంకటరాజు కంచెకు అడ్డం నిలబడ్డాడు. “మీకు దణ్ణవెడతాను, రేపొక్కరోజు ఆగండి. నా పేరెక్కాల.”

“రేపు పడవుంటాదో నేదో బాబూ,” అంది నరసమ్మ. “నా తుప్పు ఈధోళ్లు దూసేసినారు. కొమ్మిచ్చిందాన్ని నాకే నేదంతావేటి?”

“ఆషాడంలో గోరింటాకు నేదనకూడదు మావా, ఇంటికి మంచిది కాదు,” అని దుర్గ కూడా వాళ్ల పక్షమే చేరింది.

సాయంత్రానికి నాలుగు వైపులా చీపురుపుల్లలు మిగిలాయి. వెంకటరాజు గట్టు మీద కూర్చుని సిగ్గు లేకుండా ఏడ్చాడు. ఏడాది పాటు కుండలతో నీళ్లు మోసిన చేతులవి, ఏడవడా మరి?

సోమవారం ఉతికిన లుంగీ కట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. అవతలి ఒడ్డు నుంచి ఒకటే హోరు. రేవు కూలీలు పని ఆపి రోడ్డెక్కారట, వాళ్ల వెనక నగరమంతా నడిచిందట. చీకటి పడ్డాక తుపాకులు పేలాయి. దుర్గ పిల్లల్ని మంచం కిందికి తోసింది. ఆ నెలాఖరుకు తాలూకా ఆఫీసుకు తాళం, ఊ చో న్యుంట్ అత్తారింటి అటక మీద. సెప్టెంబరులో సైన్యం గద్దెనెక్కింది. ఎవరి ఇంట్లో ఎవరు తిరిగి రాలేదో పైకి చెప్పుకోవడానికి కూడా జనం భయపడ్డారు.

గోరింటకు ఈ గొడవలేవీ పట్టలేదు. దూసేకొద్దీ గుబురుగా లేచే జాతి అది. దసరాకల్లా కోడిపిల్ల దూరే సందు లేదు.

దసరా వెళ్లాక ఆఫీసు తెరిచారు. బోర్డు కొత్తది, కుర్చీ పాతది, కుర్చీలో ఊ చో న్యుంటే. ఈసారి సైనికాధికారిని వెంటబెట్టుకుని తనిఖీకి వచ్చాడు. అధికారి చేత్తో కంచెను నెట్టి చూసి మెచ్చుకున్నాడు. గుమాస్తా పుస్తకంలో ఒక్కో మాటా పైకి చదువుతూ రాశాడు. “కంచె, స్వదేశీ. భూమి, సాగుకు అర్హం. ఉన్న మనిషి, పరదేశి.”

పెన్ను మూసి నిబంధన చెప్పాడు. స్వదేశీ కంచె లోపలి భూమి పరదేశికి చెందదు. బీడుగా ఉన్నన్నాళ్లూ ఎవరికీ పట్టని మడి, కంచె పడ్డాక విలువైన భూమి అయింది. సాగుదారు గడిలో గుమాస్తా బావమరిది పేరెక్కింది. ఎరువు బస్తాలూ ఆ బావమరిది ఇంటికే వెళ్లాయి. వెంకటరాజును మాత్రం తీసెయ్యలేదు, దయగలవాళ్లు. అదే మడిలో కూలికి ఉంచారు.

“కంచే సేను మేసిందని ఇన్నాం గానీ, కళ్లతో సూడ్డం ఇదే,” అంది దుర్గ. వెంకటరాజు నెల రోజులు గోంగూర కోస్తూ, తుప్పలు కొట్టి మడి చేసిన తండ్రి పేరు నోట్లో నమిలేవాడట.

మళ్లీ జూలై వచ్చింది. సర్కారువారు రెండో ఏడు కూడా కంచె చూస్తామన్నారు. అది పచ్చగా లేకపోతే భూమి మళ్లీ బీడు కింద రాస్తారు. తనిఖీ సోమవారం. ఈసారి వెంకటరాజు పంచాంగం సరిగ్గానే చూశాడు. శనివారం పడవెక్కి రంగూనులో తెలుగిళ్లున్న వీధి వీధీ తిరిగాడు.

“రేపు రండమ్మా. పెద్ద సంచులే తెండి. కోడళ్లనీ, మనవరాళ్లనీ తెండి.”

సోమవారం చీపురుపుల్లల ముందు నిలబడి ఊ చో న్యుంట్ కేకలేశాడు. అధికారి పుస్తకం తెరిచి, బావమరిది పేరు కొట్టేసి ‘బీడు’ అని రాయించాడు.

“ఎవరు చేశారిది? ఎవరి హక్కుతో?” అన్నాడు గుమాస్తా.

వెంకటరాజు చేతులు కట్టుకున్నాడు. ఎర్రగా పండిన అరచేతులు చంకల కిందికి పోయాయి.

“మా ఆడోళ్ల ఆచారం సయా,” అన్నాడు. “1823కి ముందు నుంచీ ఉంది.”