హేమేన్ శైకియా గొంతు

ఆ పెద్దాయన ఒక్కమాట ఎందుకు అనలేదో కడప డ్రైవరు ఖయ్యూమ్‌కు ఇప్పటికీ అంతుపట్టదు. అస్సాంలో ఇంటింటా పాడుకునే పాటలు కట్టిన గాయకుడు హేమేన్ శైకియా. ఆయన్ను అరబ్బు దేశంలో కచేరీకి అల్ అజీజియా హాలుకు తీసుకెళుతూ, అతిథి మర్యాదని కారులో ఏసీ పూర్తిగా పెట్టాడు. ఆయన కండువా గొంతుకు బిగించుకుని, మోకాలిమీద తాళం వేసుకుంటూ, అద్దంలో చూసినప్పుడల్లా నవ్వాడు.

హాల్లో పైస్థాయి అందుకోబోతే గొంతు జీరపోయింది. వినడానికొచ్చిన అస్సామీ వలస కార్మికులు కుర్చీల్లో ముందుకు జరిగారు. రెండోసారి అసలు పెగల్లేదు. వెనకనుంచి ఎవరో పాట అందుకున్నారు, హాలంతా అందుకుంది. ఆయన మెల్లగా వేదిక దిగాడు.

“ఏసీ ఆపురా నాయనా అనింటే సరిపోయుండునే సార్!” వెనకతలుపు దగ్గర ఖయ్యూమ్ ఉర్దూలో మొత్తుకున్నాడు.

“విను. నాకన్నా బాగా పాడుతున్నారు కదూ?”

ఖయ్యూమ్ లోపలికి చెవి ఒగ్గాడు. తల తిప్పేసరికి, వెళ్లొస్తానని కూడా అనకుండా ఆయన వీధి మలుపు తిరిగిపోయాడు.