జారుడు నాడి

చెల్లి ఆటకని కిటికీలో ఎండబెట్టిన నారింజ తొక్కల వాసన తగిలితే చాలు, కరోనా ఏడాది దుబాయ్‌లోని మా ఒక్క గది ఇల్లు గుర్తొస్తుంది. జెబెల్ అలీ ఓడరేవులో నాన్న ఉద్యోగం పోయింది. చైనా వైద్యం క్లినిక్‌లో మూలికలూ, నాడి పట్టడమూ నేర్చుకుంటున్న అమ్మకి అక్కడే ఉద్యోగం వస్తేనే మాకు వీసా. ఇంట్లో నారింజ తొక్కల కషాయం మరుగుతుంటే, అమ్మ మా మణికట్ల మీద మూడు వేళ్లు ఆనించి సాధన చేసేది.

ఒక సాయంత్రం తన చెయ్యి తానే పట్టి చూసుకుని కూలబడిపోయింది.

"నా నాడి జారుతోందండీ. మాకు నేర్పే చైనా మేడమ్ కూడా చూసి అదే అంది."

నాన్న తల పట్టుకున్నాడు. "ఖలాస్! ఇంకేం కోర్సు, ఇంకేం వీసా?"

అమ్మ చచ్చిపోతోందనుకున్నాను. నా జడ రిబ్బను లాగేసి, నాడి జారిపోకుండా ఆమె మణికట్టుకి బిగించి కట్టాను. అమ్మ దాన్ని విప్పలేదు. నన్ను కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ వైద్యంలో నాడి జారుతోందంటే కడుపుతో ఉన్నట్టని నాకు చాన్నాళ్లకి తెలిసింది. అమ్మ కోర్సు ఆగిపోయింది, మేం ఇండియా వచ్చేశాం.

తను వస్తున్నట్టు తెలిసిన సాయంత్రం మేమెలా ఏడ్చామో చెల్లికి ఇప్పటికీ ఎవరమూ చెప్పలేదు.