ఉప్పుకాగితానికి బలైన గేమ్ మిషన్

ఫిల్మ్ నగర్‌లో ఒక ప్రొడ్యూసరు గారి గుండెను రెండు ఉప్పుకాగితాలతో, ఒక గిన్నెడు టీ డికాషన్‌తో బద్దలు కొట్టిన ఘనత నాది. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ చివర్లో తప్పంతా నాదే అన్నారంటే మాత్రం ఊరుకోను. మూడొంతులే నాది. మిగిలిన వంతు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పుడు నేను ఆర్ట్ డైరెక్టరు మూర్తిగారి దగ్గర అసిస్టెంటుని. మా పనేమిటంటారా? మసి పూసి మారేడుకాయ చేయడం మీకు సామెత, మాకు నెల జీతం. సెట్లోకి కొత్త వస్తువు వచ్చిందంటే దాన్ని గీకి, రుద్ది, మసి పూసి, ముప్పై ఏళ్ళు వాడినట్టు చేసి కెమెరా ముందు పెట్టాలి. దీన్ని ఏజింగ్ అంటాం. లోకానికి కొత్త ఒక వింత, పాత ఒక రోత. మాకు సరిగ్గా తలకిందులు. తళతళలాడే బిందె కనిపిస్తే చాలు, నా చేతులు దురద పెట్టేవి. మోతీనగర్‌లో మా అమ్మ కొత్త కుర్చీలు కొన్న రోజే, "వీటి జోలికొచ్చావంటే చేతులు విరగ్గొడతా" అని ముందే చెప్పేసింది. అమ్మకున్న ముందుచూపు ఆ ప్రొడ్యూసరు గారికి లేకపోయింది.

ఆ సినిమాతో నా పేరు మొదటిసారి టైటిల్స్‌లో పడాలి. "సెట్టు బాగా వస్తే వేయిస్తాను గ్రేస్" అని మూర్తిగారు మాటిచ్చారు. నేను అమ్మకు చెప్పాను. అమ్మ చర్చిలో చెప్పింది. ఇక ప్రతి ఆదివారం పాస్టరు గారు నా టైటిలు కోసం అందరి చేతా ప్రార్థన చేయించడం మొదలుపెట్టారు. నా పరువు దేవుడి దాకా వెళ్ళిపోయిందన్నమాట.

సెట్టేమో తొంభైల నాటి వీడియో గేముల షాపు. ఆ కాలపు మిషన్లు బీరువా అంత ఉండేవి. ఊరంతా గాలించినా ఒక్కటీ దొరకలేదు. చివరికి షూటింగుకు ముందురోజు మూర్తిగారు ఫోన్ చేశారు.

"గ్రేస్, జూబ్లీహిల్స్ నుంచి గేమ్ మిషన్ వస్తోంది. రేపు పొద్దున్న షాటుకి సెట్లో ఉండాలి."

అంతే, పెట్టేశారు. అది ప్రొడ్యూసరు గారి సొంతమని, ఆయన దాన్ని హాల్లో పెట్టుకుని రోజూ తన చేత్తో తుడుచుకుంటారని ఒక్క ముక్క చెప్పారా? చెప్పలేదు! నేను చెప్పిన నాలుగో వంతు ఇదే.

మధ్యాహ్నం స్టూడియో వ్యానులో మిషన్ దిగింది. పాత మిషన్‌కి తమ్ముడిలా ఉంది. అదే రూపం, ఆట ఆడే అదే కర్ర, అవే బటన్లు, ఎత్తు మాత్రం నడుము దాకా. ఇళ్ళల్లో పెట్టుకోవడానికి ఇలా చిన్నగా చేసి ఇప్పుడు అమ్ముతున్నారట. పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది. నాకు కోపం వచ్చింది. పాతకాలపు మిషన్‌కి ఈ మెరుపేంటండీ? తయారు చేసేవాళ్ళకు బుద్ధుండొద్దూ?

మా పెయింటరు యాదగిరి అన్న అరవైకి దగ్గరపడ్డ మనిషి. దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"మేడం, గిది మస్తు ఖరీదు సామాన్ లెక్కుంది. ఎవలదో జర ఫోన్ జేసి అడుగుదమా?"

"సెట్లోకి వచ్చిందంటే సెట్టుదే అన్నా. నువ్వు డికాషన్ పెట్టు."

"నాకెందుకో భయమైతుంది."

"భయపడితే కళ పండదన్నా."

అవును, ఈ నోటితోనే అన్నాను. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మేం మాత్రం అడక్కుండానే మసి పెట్టాం. ఉప్పుకాగితంతో రంగు లేపాను. బొమ్మల స్టిక్కర్లు సగం సగం పీకాను. డికాషన్ కారేలా పోశాను. బటన్ల పక్కన బీడీతో చురకలు పెట్టాను. మేకుతో 'రాజు' అని గీకి, రాజు ఒంటరిగా ఉన్నాడని పక్కన 'లత' అని కూడా గీకాను. సాయంత్రానికి అది మూడు జిల్లాలు తిరిగిన మిషన్‌లా తయారైంది. యాదగిరి అన్న దణ్ణం పెట్టాడు. నాకో, మిషన్‌కో తెలియదు.

మర్నాడు పొద్దున్నే మూర్తిగారితో కలిసి ప్రొడ్యూసరు గారు సెట్లోకి వచ్చారు. మిషన్ చూసి ఆగిపోయారు.

"అబ్బబ్బబ్బ! ఏం చేశారయ్యా మూర్తీ! మా భీమవరం షాపులో అచ్చం ఇలాగే ఉండేది. నా మిషన్ చూసి అదే సైజులో ప్లైవుడ్డుతో చేసేశారా? ఎవరు చేశారండీ ఇది?"

మూర్తిగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అది చూసైనా నేను నోరు మూసుకోవాలా వద్దా?

"నేనే సార్!" అన్నాను, ఒకడుగు ముందుకేసి మరీ.

"శభాష్ అమ్మాయ్! యూనిట్ అందరి ముందూ చెబుతున్నా. నీ పేరు టైటిల్స్‌లో పడుతుంది. అందరితో కలిపి కాదు, తెర మీద నీ పేరొక్కటే!"

చప్పట్లు. నా కళ్ళల్లో నీళ్ళు. మనసులో పాస్టరు గారికి థాంక్స్ చెప్పుకున్నాను.

"సరేగానీ, నిన్న మా ఇంటి నుంచి పంపించిన నా మిషన్ ఏదమ్మా?"

మూర్తిగారు పైన లైట్లు లెక్కపెడుతున్నారు. యాదగిరి అన్న ఉన్నచోట ఖాళీ డబ్బా మాత్రమే ఉంది.

"ఇదే సార్," అన్నాను.

"భలే దానివే!" అని ఆయన నవ్వుతూ మిషన్ వెనక్కి వెళ్ళారు. కెమెరాకు కనిపించని వైపు మేం ఏజింగ్ చేయం. వెనక భాగం అద్దంలా మెరుస్తోంది. దాని మీద ఆయన అంటించుకున్న వెంకటేశ్వరస్వామి స్టిక్కరు భద్రంగా ఉంది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "చిన్నప్పుడు ఆ షాపువాడు నన్ను గుమ్మం తొక్కనివ్వలేదమ్మా. అందుకే కొనుక్కున్నాను," అన్నారు మెల్లగా. తిట్టినా బాగుండేది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

"సార్, టైటిల్లో నా పేరు వద్దులెండి."

"అందరి ముందూ మాటిచ్చాను. పేరు పడుతుంది," అన్నారాయన. ఆ గొంతులోని ప్రశాంతతను నేను అనుమానించాల్సింది.

విడుదల రోజు థియేటర్లో మా చర్చివాళ్ళంతా రెండు వరుసలు నింపేశారు. పాస్టరు గారు కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నారు. టైటిల్స్ మొదలయ్యాయి. హీరో పేరు తళతళా వచ్చింది. మూర్తిగారి పేరు తళతళా వచ్చింది. ఆ తరువాత తెర మీద ఒంటరిగా, అంచులు చిరిగి, రంగు లేచిపోయి, డికాషన్ కారి, బీడీ చురకలు పడి, ఏదో ఒకటి వచ్చి వెళ్ళిపోయింది.

"నీ పేరెప్పుడొస్తుందే?" అంది అమ్మ.

"వచ్చి వెళ్ళిపోయిందమ్మా. ఆ మరకే నేను."

ప్రొడ్యూసరు గారు దగ్గరుండి నా పేరుకు ఏజింగ్ చేయించారట! ఇదేం న్యాయమండీ? మిషన్‌ని నేను ఒకవైపైనా వదిలేశాను కదా, నా పేరులో ఒక్క అక్షరమైనా వదిలారా?

కాబట్టి పాస్టరు గారి సాక్షిగా, నా మిగిలిన ఉప్పుకాగితాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎవరిదో కనుక్కోకుండా ఇక ఏ వస్తువునూ ముసలిదాన్ని చేయను. ఆ వస్తువు సొంతదారుకి ఏజింగ్ నాకంటే బాగా వచ్చి ఉండొచ్చు.