ఈ రక్షణ మీకెందుకట!

పొద్దుటి కోపం ఇంకా దిగలేదు. కొత్తపట్నం చర్చి హాల్లో మా కాలేజీ సభ. ‘మధ్యస్థాయి దేశాల రక్షణ ప్రణాళిక’ అని బ్యానర్ రాయించింది నేనే. చర్చికెళ్లేవాళ్లకు రక్షణ అంటే పాపాల నుంచి విడుదల. దేవుని వాక్యం చెబుతారనుకుని పల్లె ఆడవాళ్లు బైబిళ్లు పట్టుకొచ్చారు. సంగతి తెలిశాక కూడా మర్యాదకు కూర్చుని విన్నారు.

వక్త దక్షిణ కొరియానూ స్వీడన్‌నూ పోల్చాడు. కొరియాలో కుర్రాళ్లు సైన్యంలో పనిచేసి తీరాలట. స్వీడన్‌లో యుద్ధమొస్తే ఏం చేయాలో ఇంటింటికీ పుస్తకం పంపుతారట. జనం లేని రక్షణ రక్షణే కాదని బల్ల గుద్దాడు.

వెనక ఆ ఆడవాళ్లలోంచి మరియమ్మ గారు లేచారు. ‘‘అయ్యగారూ, మా ఆయన రోజూ చేపల వేటకెళ్తాడు. సముద్రంలో ముక్కూమొహం తెలియని బోటు కనబడితే ఏం చెయ్యాలండీ? మాకా పుస్తకం ఎప్పుడొచ్చిద్ది?’’

వక్త నవ్వాడు. ‘‘మీరు పాటలు పాడుకోండమ్మా. ఈ రక్షణ మీకెందుకు?’’

ముందు వరసలో మా లెక్చరర్లూ నవ్వారు. ఒళ్లు మండిపోయింది.

మరియమ్మ గారు మాత్రం బైబిల్ చంకలో పెట్టుకుని, ‘‘అయితే ఆ బోటేదో మీకే కనబడుద్దిలెండి’’ అని వెళ్లిపోయారు.

ఆ వక్తకు కప్పాల్సిన శాలువా నా బ్యాగులోనే ఉంది. ఎవరికి కప్పమంటారు?