హల్వర్ పంపని ఉత్తరం

మా అన్నయ్య హల్వర్ మంచివాడని ట్రొండెలాగ్ ప్రాంతంలోని మా లోయంతా చెబుతుంది. నేనూ కాదనను. పద్దెనిమిదేళ్లు వాడి కంపెనీ కాగితాలు చూసినదాన్ని కాబట్టి, ఆ మంచితనం ఎంత చేటు చేసిందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

కంపెనీ అంటే రెండు పొక్లెయిన్లు, ఒక టిప్పరు, నలుగురు మనుషులు. నాన్న పెట్టింది. పునాదులు తవ్వడం మా పని. తవ్వకంలో అన్నయ్యకు వంక పెట్టినవాడు లేడు. బకెట్ మట్టిలోకి దిగే తీరును బట్టే కింద ఏముందో చెప్పేవాడు. కాగితం చూస్తే మాత్రం జ్వరం వచ్చేది.

ఆ ఏడు మునిసిపాలిటీ బడికి కొత్త వ్యాయామశాల కట్టిస్తోంది. కాంట్రాక్టు ఒక పెద్ద కంపెనీకి దక్కితే, వాళ్లు తవ్వకం మాకిచ్చారు. వాళ్ల సైట్ మేనేజరు స్టైనార్. అన్నయ్యా అతనూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు, ఇరవై ఏళ్లుగా ఒకే జట్టులో దుప్పి వేటకు వెళ్తున్నారు. మా దగ్గర వేట జట్టంటే ఆషామాషీ కాదు. పక్కవాడి తుపాకీని నమ్మి పొద్దస్తమానం పొదల్లో కూర్చోవాలి.

మట్టి పరీక్ష రిపోర్టులో గట్టి నేల అని రాశారు. మూడు మీటర్లు తవ్వేసరికి జావలా జారిపోయే నీలి బంకమట్టి తగిలింది. ఇనుప పలకలు దిగ్గొట్టకపోతే గోతి అంచు కూలుతుంది. దిగ్గొడితే ఆరు వారాల ఆలస్యం. ఈ విషయంలో కాంట్రాక్టు మా పక్షానే ఉంది. నేల రిపోర్టులో చెప్పినట్టు లేకపోతే ఆ నష్టం కట్టించుకునే మునిసిపాలిటీదే. ఒకటే షరతు, రెండు వారాల్లోగా పెద్ద కంపెనీకి రాసి తెలపాలి. రాయకపోతే మొత్తం తవ్వేవాడి నెత్తిన పడుతుంది.

ఆ మధ్యాహ్నమే ఉత్తరం టైపు చేసి అన్నయ్య ముందు పెట్టాను.

"స్టైనార్‌కి నోటీసా? నీకేమైనా మతిపోయిందా? శనివారం వేటలో కలుస్తాంగా, చెప్తాలే."

"చెప్పు, వద్దన్నదెవరు? ఇదీ పంపు."

"ఒసేయ్, వాడు తుపాకీ పట్టుకుంటే ఎదురుగా నిశ్చింతగా కూర్చుంటాను నేను. అలాంటోణ్ణి నమ్మట్లేదని రాసిమ్మంటావా? రేపు మొహం ఎలా చూపించను?"

అన్నట్టే శనివారం అడవిలో మంట మీద కాఫీ కాచుకుంటూ చెప్పాడు. "సరేలేరా, చూసుకుందాం" అన్నాడట స్టైనార్. అన్నయ్య ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. సోమవారం పలకలు తెప్పించాడు.

పని ముగిశాక, వసంతంలో అందరినీ కూర్చోబెట్టారు. ఆలస్యమైన ప్రతి రోజుకీ జరిమానా మాదేనన్నాడు పెద్ద కంపెనీ లాయరు. పలకల ఖర్చూ మాదేనన్నాడు. "నేల సంగతి హల్వర్ గారు మీకు తెలియజేశారా?" అని స్టైనార్‌ని అడిగాడు. అన్నయ్య నవ్వుతూ స్టైనార్ వైపు తిరిగాడు.

"రాతపూర్వకంగా ఏమీ రాలేదు" అన్నాడు స్టైనార్, బల్లకేసి చూస్తూ.

బయట వరండాలో స్టైనార్‌ని నిలదీశాను. "మంట దగ్గర చెప్పాడా లేదా?"

"చెప్పాడు గున్‌వోర్. చెప్పలేదన్నానా? ఆ కాగితం నా చేతిలో పడుంటే అదే రోజు మునిసిపాలిటీకి పంపేవాణ్ణి. మీకూ మాకూ ఏమీ పోయేది కాదు. ఇప్పుడు విన్నానని ఒప్పుకుంటే, విని పైకెందుకు పంపలేదని నా ఉద్యోగం ఊడగొడతారు."

"అందుకని వాడి గొంతు కోశావా?"

అన్నయ్య వెనకే నిలబడి అంతా విన్నాడు. కనీసం ఒక్క తిట్టు తిడతాడనుకున్నాను. "పోనీవే, వాణ్ణి వదిలెయ్. వాడూ రోడ్డున పడితే ఏం లాభం?" అన్నాడు. పైగా స్టైనార్ భుజం తట్టాడు.

జూన్‌లో పొక్లెయిన్లు రెండూ అమ్ముడుపోయాయి. పని లేదన్న మాట మా నలుగురు పనివాళ్లకీ అన్నయ్యే ఇంటింటికీ వెళ్లి చెప్పాడు. యాభై ఆరేళ్ల వయసులో పక్క ఊళ్లో ఎవరి కిందో మెషిను నడుపుతున్నాడు.

అందరూ స్టైనార్‌నే తిడతారు. నేనూ తిడతాను, గట్టిగానే. కానీ ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు. కంపెనీ తరఫున సంతకం పెట్టే హక్కు నాకూ ఉండేది. ఆ రెండు వారాల్లో ఏ రోజైనా ఆ ఉత్తరం నేనే పంపి ఉండొచ్చు. అన్నయ్య చిన్నబుచ్చుకుంటాడని పంపలేదు.